రెండో బంతి తర్వాత

నెస్టర్ డూబిక్ పేరెత్తితే చాలు, "ఓ, ఆట మధ్యలో నడుచుకుంటూ బయటికొచ్చేసినవాడా!" అంటారు. అని నవ్వుతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. పదకొండేళ్ళపాటు వాడి ముందు వంగి, కాళ్ళ సందులోంచి వెనక్కి బంతి అందించినవాణ్ణి నేను. నా పేరు గార్నెట్. వాడి గురించి చెప్పే హక్కు వాళ్ళ నాయనమ్మ తర్వాత ఎవరికైనా ఉందంటే నాకే ఉంది. వాడు నా మొహం కంటే నా వీపే ఎక్కువ చూసి ఉంటాడు.

మా ఊరు కెనడాలోని వెస్నా. నెస్టర్ అమ్మా నాన్నా పొటాష్ గనిలో షిఫ్టులు చేసేవాళ్ళు. పిల్లవాణ్ణి పెంచింది నాయనమ్మే. ఉక్రెయిన్ నుంచి వచ్చిన కుటుంబాల్లో నాయనమ్మని బాబా అంటారు, ఊరంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తుంది. ఏడేళ్ళప్పుడు బంగాళాదుంపలు నేలమాళిగలోకి దించమంటే, మెట్లు దిగడానికి బద్ధకించి వాడు పైనుంచే ఒక్కొక్కటీ మూలనున్న తొట్టిలోకి విసిరేవాడట. ఒక్కటీ బయటపడేది కాదట. ఈ కథ బాబా ఎన్నిసార్లు చెప్పిందో ఆవిడకే తెలియదు. చెప్పిన ప్రతిసారీ దుంపల బస్తాలు పెరుగుతూ ఉంటాయి.

స్కూల్లో మాకు ఫుట్‌బాల్ జట్టు నిండడమే కష్టం. కాళ్ళతో తన్నుకుంటూ పోయేది కాదు, కోలబంతిని చేత్తో విసిరి, పట్టుకుని పరిగెత్తే ఫుట్‌బాల్. నేను లావుగా ఉన్నానని నన్ను ముందు నిలబెట్టారు. దుంపలు విసిరినవాడు కాబట్టి వాడు క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. అంటే నేను అందించిన బంతి పట్టుకుని, మీదకి దూకుతున్న గుంపులోంచి పరిగెత్తేవాళ్ళలో ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకునేవాడు. జట్టంతా వాడి చేతిమీద బతుకుతుంది. పొద్దుతిరుగుడు గింజలు బుగ్గన పెట్టుకుని తొక్కలు ఉమ్ముతూ, మాట్లాడకుండా, వాడు ఆ పని ఎంత తేలిగ్గా చేసేవాడో! సస్కటూన్‌లో యూనివర్సిటీకీ కలిసే వెళ్ళాం. చివరి ఏడు నా మోకాలు విరిగింది. నేను ఊరికొచ్చి ధాన్యపు గిడ్డంగిలో చేరాను. వాణ్ణి మాత్రం ఒక పట్నం జట్టు తీసుకుంది. ఆ జట్టు పేరు చెప్పను. చెబితే నా రక్తపోటు పెరుగుతుంది.

ఎందుకంటారా? నాలుగేళ్ళు వాడి చేతికి బంతి ఇవ్వలేదండీ! గీత అవతల నిలబడి, అట్టమీద కాగితం పెట్టుకుని, ఎవరు ఎటు విసిరారో రాయమన్నారు. మా దేశపు ఆట, మా దేశపు లీగు, మా చలి. బంతి విసిరేవాడు మాత్రం అమెరికా నుంచి దిగాలి. మనవాడంటే మనవాళ్ళకే నమ్మకం లేదు. ఇద్దరు అమెరికన్లు ఒకే నెలలో భుజాలు విరగ్గొట్టుకుంటే గానీ నెస్టర్ మైదానంలోకి దిగలేదు. దిగాక రెండేళ్ళు ఇంకెవ్వరూ వాణ్ణి కదపలేకపోయారు.

వాడికి ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు, డిసెంబరులో, అమెరికా జట్టు ఒకటి పిలిచింది. ఒక రోజు పరీక్ష. వాడు తిరిగొచ్చి మా వంటగదిలో కూర్చుని చెబుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచార్రా. బూట్లు విప్పించి మళ్ళీ కొలిచారు. అరచెయ్యి చాపమని వేళ్ళ కొసల మధ్య దూరం కొలిచారు."

"ఎద్దుని కొనడానికొచ్చారా ఏంటి? పళ్ళు చూళ్ళేదా?"

"పళ్ళొక్కటే వదిలేశారు. ఒకాయన అడిగాడు, కెనడాలో నీకు విసరడం ఎవరు నేర్పారూ అని."

"ఏమన్నావు?"

"మా నాయనమ్మ అన్నాను. రాసుకున్నాడు."

ఒప్పందమైతే ఇచ్చారు. కానీ అక్కడ అప్పటికే ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లున్నారు, వీడు నాలుగోవాడు. ఆగస్టులో మూడు సన్నాహక ఆటలు ఆడించి, ఇద్దర్ని ఉంచుకుని ఇద్దర్ని ఇంటికి పంపేస్తారు. వీడేమో ఇక్కడి జట్టులో చోటు వదులుకుంటే గానీ అక్కడికి వెళ్ళడానికి లేదు. వదులుకున్నాడు. మళ్ళీ పిలుపు వచ్చే వయసు కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఊరికి కూడా తెలుసు. చలికాలం మంచుమీద రాళ్ళు జార్చి ఆడుకునే కర్లింగ్ హాల్లో ఆల్విన్ క్లాసెన్ అనే పెద్దమనిషి ఉన్నాడు, నోరు తప్ప వేరే పనిముట్టు లేనివాడు. నాలుగు రోజులపాటు అదే పాట పాడాడు.

"వందలో ఒక వంతు కూడా అవకాశం లేదయ్యా. పొట్టివాడు. పైగా మన మైదానం వెడల్పు, వాళ్ళది ఇరుకు. మన బుడ్డోడు అక్కడ ఊపిరాడక చస్తాడు."

"నువ్వెప్పుడైనా బంతి పట్టుకున్నావా ఆల్విన్ మావయ్యా?" అన్నాను.

"నేను కోడిగుడ్డు కూడా పెట్టలేదురా. మురిగిందో లేదో చెప్పలేనా?"

అందరూ నవ్వారు. నేను పళ్ళు నూరుకుంటూ ఇంటికొచ్చాను.

నిజానికి ఇరుకు మైదానం నెస్టర్‌కి లెక్కే కాదు. అసలు తేడా ఇంకొకటుంది. మా ఆటలో పది గజాలు ముందుకి పోవడానికి మూడు అవకాశాలు. రెండు పోయాయంటే మూడోదానికి ఎవరూ సాహసించరు, బంతిని దూరంగా తన్నేవాడు వస్తాడు, క్వార్టర్‌బ్యాక్ బయటికి నడుస్తాడు. అమెరికాలో నాలుగు అవకాశాలు. రెండు పోయినా క్వార్టర్‌బ్యాక్‌కి మూడోది ఉంటుంది. అక్కడ మొనగాడెవడో ఆ మూడోదాని మీదే తేలుతుంది. మాకు రెండో బంతి పోతే కథ అయిపోయినట్టే. మా ఊళ్ళో పాలు తాగే పిల్లల ఒంట్లోనే అది ఉంటుంది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా పొలం రేకుల షెడ్డులో సాధన చేశాం. కోత మిషన్ ఒక పక్కకి జరిపి, చివర వల కట్టి, దానిమీద పళ్ళెమంత చుట్లు గీశాను. అమెరికా బంతులే తెప్పించాను. బయట సున్నాకి ముప్ఫై అయిదు డిగ్రీలు కింద. లోపల అంతకంటే గొప్పగా ఏమీ లేదు, గాలి తగలదంతే. తలుపు పక్కన నా డీజిల్ హీటర్ ఒక్కటే గురగురలాడేది. రెండు బంతులు విసిరేసరికి వాడి వేళ్ళు కొయ్యబారేవి. అందుకని నేనే పద్ధతి పెట్టాను. రెండు విసరడం, హీటర్ దగ్గరికి నడవడం, చేతులు కాచుకుని ఫ్లాస్కులో కాఫీ ఒక గుక్క తాగడం, మళ్ళీ రావడం. ఎంత బాగా ఆలోచించానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. నా మొహం!

ఒకరోజు వాడన్నాడు, "ఒరేయ్, మూడోది కూడా విసిరేసి పోదామా?"

"వేళ్ళు రాలిపడితే నీ చేతులకి ఫోర్కులు కట్టి పంపమంటావా? పద, పద."

నవ్వి నా వెనకే వచ్చాడు. నాలుగు నెలల్లో ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

మే నెలలో వెళ్ళాడు. అక్కడి సాధనలో ఒక్క పొరపాటూ చెయ్యలేదు. నాలుగు అవకాశాల లెక్క కొట్టినపిండి అయిందని ఫోన్‌లో చెప్పాడు. ఆగస్టు వచ్చింది. మొదటి ఆటలో దింపలేదు, రెండో ఆటలోనూ దింపలేదు. బంతి మొహం చూపించకుండానే పంపించేస్తారేమోనని టీవీ ముందే తిట్లు లంకించుకున్నాను.

మూడో ఆట శనివారం. మధ్యాహ్నానికే ఊరంతా కర్లింగ్ హాల్లో చేరింది. వేసవి కదా, లోపల మంచు లేదు, సిమెంటు నేలమీద బల్లలు వేశారు. బాబా రెండు పెద్ద పళ్ళేల నిండా పిరోగీలు చేసి తెచ్చింది, మధ్యలో దుంపముద్ద పెట్టి ఉడికించి, పైన వేయించిన ఉల్లిపాయలు, పుల్లమీగడ. ఆవిడ మాత్రం ముట్టలేదు. టీవీ ముందు కుర్చీ వేసుకుని చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, చర్చిలో కూర్చున్నట్టు కూర్చుంది.

చివరి పావుభాగంలో వాణ్ణి దింపారు. హాలు అదిరిపోయింది. మొదటి విడతలోనే ఏడు బంతులు విసిరితే ఆరు చేరాయి. ఆఖరిది గీత దాటి మూలకి పరిగెత్తుతున్నవాడి రొమ్ముమీద వాలింది. ఆరు పాయింట్లు! నేను ఆల్విన్ టోపీ లాగి ఇంటి కప్పంత ఎత్తు ఎగరేశాను. టీవీలో వ్యాఖ్యాత కూడా, "ఎవరీ కుర్రాడు? ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు?" అన్నాడు.

"మా నేలమాళిగలో," అంది బాబా.

రెండో విడత వచ్చింది. ఆట ఇంకా నాలుగు నిమిషాలుంది. మొదటి బంతి పట్టేవాడి వేళ్ళకి తగిలి జారింది. రెండోది నేలపాలయింది. "అయ్యో!" అన్నారంతా.

ఇప్పుడు జరిగింది జాగ్రత్తగా వినండి. ఇది ఏ పేపరూ రాయలేదు. రెండో బంతి పోగానే హాల్లో సగంమంది లేచారు. ఒకడు కాఫీ డ్రమ్ము దగ్గరికి, ఒకడు బాత్రూముకి, ఆల్విన్ పిరోగీల పళ్ళెం దగ్గరికి. నేను కూడా ఖాళీ కప్పు పట్టుకుని లేచాను. టీవీలో నెస్టర్ గడ్డం కింద పట్టీ విప్పుకుంటూ బయటికి నడుస్తున్నాడు. అది మాలో ఒక్కరికీ తప్పుగా తోచలేదు. పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్నదే కదా.

వ్యాఖ్యాత నవ్వు వినబడింది. "ఏమైంది ఇతనికి? ఎక్కడికి పోతున్నాడు? ఇంకా మూడోదే కదా!"

చేతిలో కప్పుతో అలాగే నిలబడిపోయాను. మైదానంలో పదిమంది నడుములమీద చేతులు పెట్టుకుని వాడివైపు చూస్తున్నారు. గీత దగ్గర కోచ్ రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నాడు. వాడికి గుర్తొచ్చిన క్షణం నేను చూశాను. కాలు గాలిలో ఆగిపోయింది. తిరిగి పరిగెత్తాడు, పట్టీ మళ్ళీ పెట్టుకునేలోపే సమయం మించిపోయింది, అయిదు గజాలు వెనక్కి నెట్టారు. తర్వాత ఏం చేశాడో తెలుసా? ఆ మూడో అవకాశంలో, పదిహేను గజాలు కావాల్సిన చోట, ఇద్దరు మీద పడుతుండగా, ఇరవై మూడు గజాల బంతి విసిరాడు. సూదిలో దారం ఎక్కించినట్టు చేరింది. అది ఎవరు చూశారండీ? ఆ బంతి గాల్లో ఉండగానే టీవీవాళ్ళు నడకని మళ్ళీ వేసి చూపిస్తున్నారు. వారమంతా అదే చూపించారు. సంగీతం కూడా జోడించారు.

ఆదివారం పొద్దున్నే వాణ్ణి పిలిచి, "నీ చెయ్యి బాగుంది, కానీ మా ఆట నీ ఒంట్లోకి రాలేదు," అన్నారట. అంతే. ఇక్కడి జట్టుని అడిగితే, వాడి చోట్లో కొత్తగా ఒకణ్ణి తీసుకున్నాం, వచ్చే ఏడు చూద్దాం అన్నారు. ఆ కొత్తవాడు ఎక్కడివాడో మీరే ఊహించుకోండి.

నాకు ఆ రాత్రే వెలిగింది. వంటింట్లో ఫ్లాస్కు కడుగుతుంటే చేతిలోంచి జారిపోయింది. రెండు విసరడం, నడవడం. రెండు విసరడం, నడవడం. నాలుగు నెలలపాటు, రోజుకి నలభైసార్లు, ఆ నడక నేర్పింది ఎవరు? దేశం మొత్తం అలవాటు వాడు మాన్పించుకోవాలని నా దగ్గరికొస్తే, నేను దాన్ని మేకు పెట్టి దిగ్గొట్టి పంపించాను. నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కొట్టుకున్నాను కూడా. మా ఆవిడ లేచి వచ్చి ఏమిటా చప్పుడు అంది. ఏం లేదన్నాను.

వాడు కోతల వేళకి వచ్చి వాళ్ళ చిన్నాన్న పొలంలో మిషన్ తోలాడు. వారంలో మూడుసార్లు కలిసేవాళ్ళం. నేను చెప్పలేదు, వాడు అడగలేదు. చెబుదామని నోరు తెరిస్తే వానల గురించి మాట్లాడేవాణ్ణి. ఛీ!

అక్టోబరులో చర్చి కింద హాల్లో కోడి విందు. నెస్టర్ రెండో పళ్ళెం కూడా ఖాళీ చేసి మళ్ళీ వరసలో నిలబడ్డాడు. వెనకనుంచి ఆల్విన్ గొంతు.

"రెండు పళ్ళేలు అయిపోయాయిగా నెస్టరూ! ఇంక అలవాటు ప్రకారం బయటికి నడు!"

హాలంతా గొల్లుమంది. వాడు కూడా నవ్వాడు, పాపం, మొహం ఎర్రగా అయిపోయింది. గరిటె పట్టుకున్న బాబా ఊరుకుంటుందా?

"నువ్వు జన్మలో ఒక్కసారైనా లోపలికి అడుగు పెట్టావుట్రా ఆల్విన్, బయటికి నడవడానికి? నీ పళ్ళెం ఇలా తే. ఇవాళ నీకు కోడి లేదు, మెడ ముక్క వేస్తాను."

ఈసారి నవ్వు ఆల్విన్ మీదికి తిరిగింది. అక్కడితో అయిపోవాల్సిన మాట. నేనే ఆపుకోలేకపోయాను. కుర్చీ తన్నుకుంటూ లేచాను.

"తప్పు వాడిది కాదు! నాది! విన్నారా అందరూ? షెడ్డులో రెండు బంతులకోసారి వాణ్ణి హీటర్ దగ్గరికి నడిపించింది నేను! నవ్వాలంటే నన్ను చూసి నవ్వండి!"

ఎవరూ నవ్వలేదు. అది ఇంకా ఘోరంగా ఉంది. నెస్టర్ పళ్ళెం బల్లమీద పెట్టి, నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయాడు. కార్ల మధ్య నిలబడ్డాం. జేబులోంచి గింజలు తీసి నాక్కొన్ని పెట్టాడు.

"నాకు తెలుసురా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"నడుస్తూండగానే తెలిసింది. అక్కడ ఎండ నెత్తి మాడ్చేస్తోంది. చెమట కళ్ళల్లోకి కారుతోంది. రెండో బంతి పోగానే నా వేళ్ళు జివ్వున చల్లబడ్డాయి. హీటర్ ఎక్కడుందా అని చూశానురా. నిజంగా చూశాను."

"మరి నాకెందుకు చెప్పలేదురా దుర్మార్గుడా? రెండు నెలలు!"

"చెబితే ఏం చేస్తావు? తల గోడకేసి కొట్టుకుంటావు."

"కొట్టుకున్నాను."

"మీ ఆవిడ చెప్పింది."

గింజల తొక్కలు ఉమ్ముతూ నిలబడ్డాను. తిట్టినా బాగుండేది. వాడికి తిట్టడం రాదు.

జనవరిలో వాడికి ముప్ఫై నిండాయి. ఎక్కడినుంచీ ఫోన్ రాలేదు. వచ్చే ఏడు చూద్దామన్న జట్టు కూడా చూడలేదు. గనిలో షిఫ్టుకి దరఖాస్తు పెట్టాడు. ఒక మధ్యాహ్నం నేనే వాణ్ణి షెడ్డుకి రమ్మన్నాను. తలుపు తీసి లోపలికొచ్చి వాడు చుట్టూ చూశాడు.

"హీటర్ ఏదిరా?"

"ఆల్విన్‌కిచ్చేశాను. వాడి నోరైనా వెచ్చగా ఉంటుంది."

"పిచ్చెక్కిందా? ముప్ఫై మూడు డిగ్రీలు కింద ఉంది బయట."

"నిలబడు."

"ఎవరు పిలిచారని?"

"నిలబడరా అంటుంటే!"

వంగాను. మోకాలు కలుక్కుమంది. బంతి అందించాను. మొదటిది చుట్టు మధ్యలో పడింది. రెండోది పడింది. నా వెనక బూట్లు తలుపువైపు ఒక అడుగు కదిలిన చప్పుడు విన్నాను. నేను లేవలేదు. మూడో బంతి మీద చెయ్యి పెట్టుకుని వంగే ఉన్నాను. చాలాసేపటికి ఆ అడుగు వెనక్కి వచ్చింది. మూడోది విసిరాడు. నాలుగోది కూడా విసిరాడు. రెండూ వలలో, గీసిన చుట్ల మధ్యలో, దుంపలు తొట్టిలో పడినట్టు పడ్డాయి.

లేచి తిరిగి చూశాను. వాడు చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి, అంతే. అన్నీ ఉన్నాయి.

"మూడోదంటే ఇంతేనట్రా?" అన్నాడు.

నేను వల కింద బంతులు ఏరబోయాను.

"ఇంతేనా గార్నెట్?" అని మళ్ళీ అడిగాడు. కోత మిషన్ చక్రం మీద కూర్చుని, ఆ వేళ్ళతోనే మొహం కప్పుకున్నాడు.